నీటిగుర్రం వెళ్ళిపోయిన దేశం



హైదరాబాదు జూకు పోయినవాళ్ళు నీటిగుర్రాన్ని చూసే ఉంటారు. ఒళ్ళంతా నీళ్ళలో ముంచి, కళ్ళూ చెవులూ ముక్కూ మాత్రం పైకి పెట్టుకుని, గంటల తరబడి అట్లాగే పడి ఉంటుంది. దాని సొంత దేశం ఆఫ్రికా అని చిన్నపిల్లలు కూడా చెబుతారు. అయితే ఆ కుటుంబానికే చెందిన ఒక జంతువు మన దేశంలోనూ లక్షల ఏళ్ళపాటు బతికింది. నర్మదలో మునిగింది. గోదావరి ఉపనదుల ఒడ్డున మేసింది. సుమారు 16 వేల ఏళ్ళ కిందట పూర్తిగా అంతరించింది. ఈ పూట ఆ జంతువు గురించి మీతో మాట్లాడదామని వచ్చాను.

అనంతపురంలో కూర్చుని నీటిగుర్రం కథ చెప్పడమేమిటని మీకు అనిపించవచ్చు. ఏడాది మొత్తం మీద సగటున 550 మిల్లీమీటర్ల వాన, అదీ అదనుకు పడుతుందన్న నమ్మకం లేని చోటు ఇది. నాకైతే ఈ కథ వినడానికి దేశంలో ఇంతకన్నా తగినవాళ్ళు లేరనిపిస్తుంది. ఆ జంతువును ఏది పొట్టన పెట్టుకుందో మనకు ఎవరూ విడమరిచి చెప్పనక్కర్లేదు. ఎండిన మడుగు ఎట్లా ఉంటుందో ఇక్కడ పుట్టిన ప్రతి ఒక్కరికీ తెలుసు.

ముందు దాని ఆనవాళ్ళు చెబుతాను. శాస్త్రజ్ఞులు పెట్టిన పేరు హెక్సాప్రోటోడాన్. ముందుపళ్ళు ఆరు ఉన్నాయి కాబట్టి ఆ పేరు. ఇప్పటి ఆఫ్రికా నీటిగుర్రానికి కింది దవడలో రెండు పెద్ద కోరల మధ్య నాలుగు పళ్ళే ఉంటాయి. హిమాలయాల అడుగున శివాలిక్ కొండల్లో దొరికిన పాత జంతువుకు అక్కడ ఆరు పళ్ళు వరసగా ఉన్నాయి. నర్మద లోయలో దొరికిన తర్వాతి కాలపు జాతిలో ఆ ఆరింటిలో రెండు చిక్కిపోయి, పక్క పళ్ళ మధ్య ఇరుక్కుపోయి కనిపిస్తాయి. అంటే మన నేల మీద ఉంటూనే అది తరతరాలుగా మారుతూ వచ్చింది.

నాకు మరీ ఇష్టమైనవి దాని దవడ పళ్ళు. గడ్డి నమిలి నమిలి పన్ను అరిగిన కొద్దీ పై భాగాన పింగాణి అంచు గీసిన మూడు రెక్కల బొమ్మ తేలుతుంది, అచ్చం మారేడు దళంలాగా. ఒక్కో పంటి మీద అటువంటి దళాలు నాలుగు. ఈ గుర్తు ఎంత గట్టిదంటే, నది ఇసుకలో సగం పన్ను ముక్క దొరికినా చాలు, చేయి తిరిగినవాళ్ళు ఇది నీటిగుర్రానిదేనని చెప్పేయగలరు. పశువు పన్ను వేరు, గుర్రం పన్ను వేరు, ఏనుగు పన్ను పూర్తిగా వేరు.

ఆ పింగాణిలో ఇంకో సంగతి కూడా దాగి ఉంది. బతికినన్నాళ్ళు ఆ జంతువు ఏం మేసిందో అందులోని కార్బన్ రకాలను కొలిచి తెలుసుకోవచ్చు. శివాలిక్ నీటిగుర్రాల పళ్ళను అట్లా పరీక్షించినప్పుడు అవి ముఖ్యంగా ఎండకు తట్టుకునే వేసవి గడ్డి మేసేవని తేలింది. మన జొన్న, సజ్జ, కొర్ర, గరిక అన్నీ ఆ గడ్డి తెగకు చెందినవే. కాబట్టి దాని మేతకు మన నేల పనికిరానిది కాదు. దానికి కావలసినదీ, చివరికి దొరకనిదీ మరొకటి. దాని దగ్గరికి వస్తాను.

ఈ జంతువును మొదట లోకానికి చూపించినవాళ్ళు ఇద్దరు. ఒకరు హ్యూ ఫాల్కనర్, స్కాట్లండు నుంచి వచ్చిన వైద్యుడు, సహారన్‌పూర్ వృక్షశాస్త్ర ఉద్యానానికి అధికారి. రెండోవాడు ప్రోబీ కాట్లీ. ఈ కాట్లీ ఎవరో మన రైతులు తెలుసుకోవాలి. ఆయన కాలువల ఇంజనీరు. యమునా దోఆబ్ కాలువ బాధ్యత చూస్తూ, ఆ చుట్టుపక్కల శివాలిక్ కొండల్లో రాయిగా మారిన ఎముకలు ఏరడం మొదలుపెట్టాడు. 1836లో ఇద్దరూ కలిసి శివాలిక్ నీటిగుర్రానికి పేరు పెట్టి వర్ణన ప్రచురించారు. ఆ మరుసటి ఏడు లండన్ జియలాజికల్ సొసైటీ వాళ్ళకు వొల్లాస్టన్ పతకం ఇచ్చింది. తర్వాత 1854లో నీళ్ళు వదిలిన గంగా కాలువను కట్టించింది కూడా ఈ కాట్లీయే. పంట భూములకు నీరు తీసుకుపోయే పనిలో ఉన్న మనిషి చేతికే, నీరు లేక అంతరించిన జంతువు ఎముకలు దొరికాయి. ఆ ఎముకల వెనక ఉన్న ఎండిన నదుల సంగతి తెలియడానికి ఇంకా చాలా కాలం పట్టింది.

శివాలిక్‌లకు ఈ కుటుంబం సుమారు 60 లక్షల ఏళ్ళ కిందట చేరింది. పుట్టుక ఆఫ్రికాలోనే. అక్కడి నుంచి ఆసియాకు వచ్చి, నదుల వెంబడి తూర్పున జావా దాకా పోయింది, దక్షిణాన సింహళం దాకా దిగింది. నర్మద లోయలో దీని ఎముకలు విస్తారంగా దొరికాయి. 1982లో హథ్నోరా దగ్గర అరుణ్ సోనాకియా కనుగొన్న ప్రాచీన మానవుడి పుర్రె పేరు మీరు వినే ఉంటారు. ఆ నర్మద పొరల్లోనే నీటిగుర్రాలూ ఉన్నాయి. మన గోదావరికి ఉపనది అయిన మంజీర లోయలో, మహారాష్ట్ర వైపున, అప్పటి ఏనుగులూ అడవి ఎద్దులూ మొసళ్ళతోపాటు ఇదీ దొరికింది. ఇక శ్రీలంకలోని రత్నపురలో రత్నాల కోసం గుంతలు తవ్వే కూలీలకు గులకరాళ్ళ పొరల్లో దీని పళ్ళు తగిలేవి. అక్కడి మ్యూజియం అధికారి పి.ఇ.పి. దెరానియగల వాటిని పోగుచేసి ఆ జాతికి సింహళం పేరే పెట్టాడు.

ఇప్పుడు పటం కళ్ళ ముందు పెట్టుకోండి. పైన నర్మద, ఆ కింద మంజీర, చిట్టచివర సింహళం. నీళ్ళు విడిచి దూరం నడవలేని జంతువు సింహళానికి ఎట్లా చేరింది? సముద్రం తగ్గి నేల బయటపడిన కాలంలో రామేశ్వరం దాకా దిగి, అవతలికి నడిచి ఉండాలి. దక్కను పీఠభూమి నదులనో, తూర్పు తీరపు నదులనో ఒకదాని తర్వాత ఒకటి దాటుకుంటూ, మడుగు మీద మడుగు పట్టుకుని వచ్చి ఉండాలి. ఆ దారిలో మన పెన్న నది ఉంది.

పెన్నలో దాని ఎముక దొరికిందని నేను అనడం లేదు. మన అనంతపురం నేల ఎముకను దాచుకునే నేల కాదు. అడుగున 250 కోట్ల ఏళ్ళ నాటి గట్టి రాయి, పైన మూరెడు ఎర్రమట్టి. అటువంటి చోట ఎముక నాలుగు వానాకాలాలకే పొడి అయిపోతుంది. ఎముక నిలవాలంటే సున్నపురాయి గుహలన్నా ఉండాలి, నది పేర్చిన లోతైన ఒండ్రన్నా ఉండాలి. తాడిపత్రి దాటి కొలిమిగుండ్ల వైపు పోతే సున్నపురాయి మొదలవుతుంది, బెలూం గుహలు అక్కడే ఉన్నాయి. ఇంకా పైకి పోతే బేతంచెర్ల దగ్గర బిల్లసుర్గం గుహలు. భారత భూగర్భ సర్వేక్షణ సంస్థలో పనిచేసిన రాబర్ట్ బ్రూస్ ఫుట్ 1880లలో తన కొడుకుతో కలిసి ఆ గుహల్లో తవ్వకాలు జరిపించాడు. అక్కడ దొరికిన ఎముకలను పరిశీలించిన రిచర్డ్ లిడెక్కర్ వాటిలో ఖడ్గమృగాన్ని గుర్తించి, దానికి కర్నూలు పేరే పెట్టాడు. మన పక్క ఊళ్ళలో ఖడ్గమృగం! ఖడ్గమృగానికి కూడా బురదగుంటా పచ్చికా కావాలి. ఇంకొక్కటి. ప్రకాశం జిల్లాలో 41 వేల ఏళ్ళ నాటి నిప్పుకోడి గూడు బయటపడినట్టు 2024లో బరోడా మహారాజా సయాజీరావు విశ్వవిద్యాలయం పరిశోధకులు ప్రకటించారు. ఇప్పుడు ఆఫ్రికాలో చూసే తరహా జంతువులు కొన్ని ఒకప్పుడు మన రాయలసీమ చుట్టుపక్కల తిరిగాయి.

దీని బంధుత్వాల గురించి ఒక్క మాట చెప్పి అసలు సంగతికి వస్తాను. నీటిగుర్రానికి బతికున్న దగ్గరి చుట్టం పందో గేదో అనుకుంటాం. నిజానికి దాని దగ్గరి చుట్టాలు సముద్రంలోని తిమింగలాలు. ఈ చుట్టరికపు లంకెల్లో ఒకటి కశ్మీరు వైపు కాలాకోట్ రాళ్ళలో దొరికింది. ఎ. రంగారావు అనే భూగర్భ శాస్త్రవేత్త ఆ రాళ్ళను సేకరించి, 1971లో ఇండోహయస్ అనే చిన్న జంతువును వర్ణించారు. సుమారు 4 కోట్ల 80 లక్షల ఏళ్ళ నాటిది, పిల్లికన్నా కాస్త పెద్దది. ఆయన పోయిన తర్వాత ఆ రాళ్ళ మూటలు ఆయన భార్య ద్వారా అమెరికాలోని శాస్త్రవేత్త హాన్స్ థీవిసెన్ చేతికి అందాయి. ఒక పుర్రెను శుభ్రం చేస్తుండగా చెవి దగ్గరి ఎముక విరిగింది. విరిగిన చోట చూస్తే అది తిమింగలాల చెవి ఎముకలాగే మందంగా ఉంది. 2007లో ఆ సంగతి అచ్చయింది. ఆ జంతువుల కుటుంబానికి శాస్త్రంలో ఈ రోజుకీ రావు గారి పేరే ఉంది. మన పాఠ్యపుస్తకాల్లో ఆయన గురించి ఒక పేజీ అన్నా ఉండాలని నా కోరిక.

సరే, హెక్సాప్రోటోడాన్ ఎందుకు పోయింది?

నీటిగుర్రం ఒంటి మీద దట్టమైన జుట్టు ఉండదు. చర్మం గుండా ఒంట్లోని నీరు త్వరగా ఆవిరైపోతుంది. ఎండలో ఎక్కువసేపు నిలబడితే చర్మం పగులుతుంది. అందుకే పగలంతా నీళ్ళలో ఉంటుంది. రాత్రి ఒడ్డెక్కి, కొన్ని మైళ్ళు తిరిగి మేసి, తెల్లవారేలోపు మళ్ళీ నీళ్ళకు వస్తుంది. పెద్ద జంతువు రాత్రికి సుమారు 40 కిలోల గడ్డి తింటుంది. గడ్డి ఏ పది రోజులు తక్కువైనా తట్టుకోగలదు. పగలు మునగడానికి నీళ్ళు లేకపోతే తట్టుకోలేదు. దానికి వానాకాలం వరద ఏమీ సాయం చేయదు. ఏప్రిల్, మే నెలల్లో నదిలో నిలిచే నీరే దాని ప్రాణం. ఏడాదిలో పది నెలలు నిండుగా ఉండి రెండు నెలలు ఎండే నది మనకు పెద్ద వరమే. నీటిగుర్రానికి అదే మరణం.

సుమారు 20 వేల ఏళ్ళ కిందట భూమి మీద చివరి హిమయుగం ముదిరింది. సముద్రాలు చల్లబడ్డాయి. నైరుతి ఋతుపవనాలు బలహీనపడ్డాయి. భారతదేశంలో నదులు చిక్కిపోయాయి. ఏడాది పొడుగునా పారినవి వానాకాలం నదులయ్యాయి, వానాకాలం నదులు వంకలయ్యాయి. ఒక నదికీ ఇంకో నదికీ మధ్య ఉన్న కుంటలు ఎండాయి. నీటిగుర్రాల మందలు ఎక్కడివక్కడ చిక్కుబడిపోయాయి. ఇక్కడ మందకు ఆపద వస్తే అక్కడి మంద వచ్చి ఆ చోటు నింపే వీలు లేకపోయింది. 2019లో అచ్చయిన ఒక పరిశోధనలో, నేరుగా రేడియోకార్బన్ పద్ధతితో కాలం లెక్కగట్టిన ఒక పన్ను సుమారు 16 వేల ఏళ్ళ నాటిదని తేలింది. దక్షిణాసియాలో ఈ జంతువుకు ఇంతకన్నా తర్వాతి జాడ తెలియదు.

ఇక్కడ ఒక ప్రశ్న వేసుకోవాలి. హిమయుగాలు అంతకుముందూ ఎన్నో వచ్చాయి. ఋతుపవనాలు చాలాసార్లు బలహీనపడ్డాయి. ప్రతిసారీ ఈ జంతువు ఏదో ఒక మడుగులో ప్రాణం దాచుకుని బయటపడింది. చివరిసారి మాత్రం ఎందుకు బయటపడలేకపోయింది? నేను చదివి అర్థం చేసుకున్నంత వరకు, ఆ సారి మడుగు దగ్గర ఇంకొకరి ఒత్తిడి మునుపటికన్నా పెరిగి ఉండాలి. మనిషి. నంద్యాల వైపు జ్వాలాపురంలో 74 వేల ఏళ్ళ నాటి తోబా అగ్నిపర్వతపు బూడిద పొరకు కిందా పైనా మనుషుల రాతి పనిముట్లు దొరికాయి. అంటే మన ప్రాంతంలో మనుషులు అప్పటికే బాగా కుదురుకున్నారు. నీరు తగ్గిన కొద్దీ జంతువులూ మనుషులూ అదే మడుగుకు చేరి ఉంటారు. ఎండకు నీళ్ళు వదలలేని, దూరం పోలేని జంతువును వేటాడటం ప్రమాదమే అయినా అసాధ్యం కాదు. ఒక ఆడ నీటిగుర్రం ఈతకు ఒక్క పిల్లనే కంటుంది, అదీ రెండేళ్ళకు ఒకసారి. అటువంటి జాతికి ఏడాదికి కొన్ని ప్రాణాలు అదనంగా పోయినా లెక్క తప్పుతుంది.

నన్ను అన్నిటికన్నా ఎక్కువగా బాధపెట్టేది ఆ తర్వాత జరిగింది. వాన మళ్ళీ వచ్చింది. సుమారు 11 వేల ఏళ్ళ కిందట ఋతుపవనాలు బాగా బలపడ్డాయి. నదులు నిండాయి, చెరువులంతటి మడుగులు నిలిచాయి, ఒడ్డున పచ్చిక లేచింది. నీటిగుర్రానికి కావలసినవన్నీ దక్కనులో మళ్ళీ సమకూరాయి. అప్పటికి నీటిగుర్రం లేదు. అయిదు వేల ఏళ్ళు ఆలస్యమైంది.

కరువు అన్ని జంతువులనూ ఒక్కలాగే చూడదు. ఉరవకొండ, గుంతకల్లు వైపు చేలల్లో కృష్ణజింకలు మందలుగా తిరుగుతుంటాయి. శనక్కాయ పైరు మేసేస్తాయని రైతులకు వాటి మీద కోపం కూడా ఉంది, అది న్యాయమైన కోపమే. కృష్ణజింక తక్కువ నీళ్ళతో నెట్టుకురాగలదు, నీళ్ళు లేని చోటు వదిలి పరుగెత్తగలదు. చిలమత్తూరు దగ్గర వీరాపురం చింతచెట్ల మీదికి ఏటా ఎర్రకాళ్ళ కొంగలు వస్తాయి. చెరువులు ఎండిన ఏడు వాటి పిల్లలు చనిపోతాయి, ఊరివాళ్ళు చూసి ఏడుస్తారు. అయినా పెద్ద కొంగలకు రెక్కలున్నాయి, ఇంకో చెరువు వెతుక్కుంటాయి. నీటిగుర్రానికి కాళ్ళూ పొట్టివే, రెక్కలూ లేవు. చుట్టుపక్కల నాలుగు మైళ్ళలో ఉన్న నీళ్ళే దాని లోకం.

ఇప్పుడు ఆఫ్రికాలో జరుగుతున్నది చూడండి. టాంజానియాలో గ్రేట్ రువాహా అనే నది ఉంది. 1990ల ముందు అది ఏడాది పొడుగునా పారేది. పైన వరి సాగు పెరిగి నీళ్ళు మళ్ళించుకోవడంతో ఎండాకాలంలో ప్రవాహం ఆగిపోవడం మొదలైంది. మిగిలిన గుంటల్లో నీటిగుర్రాలు ఒకదాని మీద ఒకటి ఒరిగిపోయి కిక్కిరిసిపోతాయి. పారే నీటిలో వాటి పేడ చేపలకూ పురుగులకూ ఆహారం. పారని గుంటలో అదే పేడ కుళ్ళి, నీటిలో ప్రాణవాయువు తగ్గి, చేపలు చచ్చిపోతాయి. మన దేశంలో 16 వేల ఏళ్ళ కిందట చివరి మడుగులు ఎట్లా ఉండి ఉంటాయో అక్కడ ఈ రోజు కళ్ళారా చూడవచ్చు.

పెన్న సంగతి మీకు నేను చెప్పాలా? కర్ణాటకలో నందికొండల దగ్గర పుట్టి, హిందూపురం మీదుగా మన సీమలోకి వస్తుంది. పెద్దవాళ్ళకు గుర్తుండే ఉంటుంది, నది ఇసుకలో చెలమ తీస్తే రెండు మూరల్లో నీళ్ళు తగిలేవి. నది పక్క ఊళ్ళకు ఊటకాలవలు ఉండేవి. ఇసుక కింద దాగిన నీటిని అవి వేసవిలో కూడా మెల్లగా పొలాలకు తెచ్చేవి. తర్వాత బోర్లు వచ్చాయి. వందల అడుగులు దాటి వెయ్యి అడుగులకు పోయాయి. ఇసుక లారీల్లో పోయింది. నీటిని పట్టి ఉంచేది ఆ ఇసుకే. అటు వేదవతి పక్కన కణేకల్లు, బొమ్మనహాళ్ వైపు పోతే గాలికి లేచిన ఇసుక చేల మీద దిబ్బలు కడుతోంది. వాన లెక్క ఒక్కటే చూసుకుంటూ కూర్చుంటే మనకు కరువు సగమే అర్థమవుతుంది. వాన వెళ్ళిపోయిన నాలుగు నెలల తర్వాత నేలలో ఎంత నీరు మిగిలిందన్నది రెండో సగం. నీటిగుర్రం ఆ రెండో సగంలోనే ఓడిపోయింది.

చివరగా ఒక విన్నపం. పెన్న, చిత్రావతి ఒడ్డున గట్లు కోసుకుపోయిన చోట, ఇసుక తీసిన లోతైన గుంతల్లో, బావుల పూడిక తీసేటప్పుడు, ఎముకలాగా కనిపిస్తూ రాయిలాగా బరువున్న ముక్క దొరికితే పారేయకండి. రత్నపుర కూలీలు కూడా మొదట వాటిని పనికిరాని రాళ్ళే అనుకుని ఉంటారు. దొరికిన చోట నుంచి కదిలించకముందే, పక్కన ఒక పెన్నో నాణెమో పెట్టి ఫోటో తీయండి. నేల మట్టం నుంచి ఎన్ని అడుగుల లోతున ఉందో, గులకరాళ్ళ పొరలో ఉందో నల్ల ఒండ్రులో ఉందో రాసుకోండి. నీళ్ళతో కడగకండి, విరగ్గొట్టి చూడకండి. పన్ను అయితే పైభాగం జాగ్రత్తగా గమనించండి. అరిగిన పింగాణిలో మూడు రెక్కల గుర్తు కనిపిస్తే ఆ రోజే శ్రీకృష్ణదేవరాయ విశ్వవిద్యాలయానికి కబురు పంపండి.